మేనమామ ఉన్న చుక్క

ఈ రోజు మధ్యాహ్నం ఆస్పత్రి గది గుమ్మంలో నా కొడుకును చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. లోపల మంచం మీద నా కూతురు స్వాతి ఉంది. ఆమె పక్కన తెల్లటి గుడ్డలో చుట్టిన మగబిడ్డ, పొద్దున పుట్టినవాడు. పుట్టిన వేళ ఫోన్లో చెప్పగానే మాకు తెలిసిన పంతులుగారు రోహిణి నక్షత్రం అన్నారు. కాస్త ఆగి, "మేనమామను మాత్రం ఇప్పుడే చూడనివ్వకండి" అని కూడా అన్నారు. కిరణ్ ఆఫీసు నుంచి ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకునే పరుగున వచ్చాడు. "ఏడీ మా అల్లుడు?" అంటూ లోపలికి అడుగు వేయబోతుంటే, నన్ను అడగకుండానే నా చెయ్యి లేచింది.

"ఆగు. చూడకు" అన్నాను.

"ఏంది నాన్నా, జోకా?" వాడు నవ్వాడు.

"ముందు నూనెలో చూడాలె. శాంతి అయ్యేదాక జర ఆగు."

"నాన్నా, నువ్వేనా గిట్ల మాట్లాడేది?" అని మంచం మీది నుంచి స్వాతి అంది. కిరణ్ నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. వరండాలో ఇనుప కుర్చీ మీద కాసేపు కూర్చుని, ఫోన్ అటూ ఇటూ తిప్పి, "మీటింగ్ ఉంది" అని లేచి వెళ్ళిపోయాడు. మీటింగ్ లేదని నాకు తెలుసు. వాడు వెళ్ళాక చూసుకుంటే నా చెయ్యి ఇంకా గుమ్మానికి అడ్డంగానే ఉంది.

ఇంటికి వస్తూ దారిలో నువ్వుల నూనె సీసా కొన్నాను. కొత్తగూడలో మా అపార్ట్‌మెంటు వంటింట్లో నిలబడి, అటక మీది కంచు గిన్నె దించి చింతపండుతో తోమి, సీసా మూత తిప్పాను. నూనె గిన్నెలోకి జారుతుంటే ఆ వాసన ముక్కును తాకింది, గానుగ చెక్క తడీ వేయించిన నువ్వుల చేదూ కలిసిన వాసన. గ్యాస్ బండ మీద చెయ్యి ఆనించి నేల మీదికి జారి కూర్చున్నాను. నేను పుట్టిన పదకొండో రోజున ఇదే నూనెను ఇలాంటి గిన్నెలోనే పోసి నా మొహానికి ఎదురుగా పట్టారు. ఆ సంగతి నాకు గుర్తుండే అవకాశం లేదు. కానీ ఎన్నిసార్లు విన్నానంటే, గుర్తున్నట్టే ఉంటుంది.

ఇప్పుడు ఫ్లైఓవర్ కింద ఆటోలు బారులు తీరే ఈ చోటు అప్పట్లో ఒక చిన్న ఊరు. ఊరి చుట్టూ ఏనుగులు పడుకున్నట్టు నల్లటి, బూడిదరంగు బండలు, బండల సందుల్లో ఎవరూ నాటని, ఎవరూ నీళ్ళు పోయని సీతాఫలం చెట్లు. బతుకమ్మ పండుగకు తంగేడు పూలు కోసుకొచ్చి, గునుగు పూల కొసలకు రంగులద్ది, నువ్వుల సద్ది, పెరుగు సద్ది విస్తరాకుల్లో పెట్టుకుని తినే రోజులకు ఆ కాయల కళ్ళు తెల్లగా విచ్చుకునేవి. వాటిని గడ్డిలో మాగవేస్తే ఇల్లంతా తియ్యటి మత్తు వాసన కమ్ముకునేది. కార్తీకం వచ్చేసరికి జొన్నరొట్టెల పొగ, ఉడికిన అనపకాయల ఆవిరి. ఎండాకాలం చివర రోహిణి కార్తెలో బండలు కాలి, రాత్రి భోజనాల వేళకు కూడా వాటి మీద పిరుదులు ఆనేవి కావు. ఆ తర్వాత మిరుగం, మృగశిర కార్తె. ఆ రోజు ప్రతి ఇంట్లో చేపల కూర ఉడికేది, పిల్లల నోట్లో ఇంగువ కలిపిన బెల్లం ఉండ పడేది. చిర్రగోనె ఆడుతూ బండ మీద మోకాలు చీరుకున్నా ఎవరూ పట్టించుకునేవారు కారు. ఊళ్ళో గడియారం లేదు. హఫీజ్‌పేట్ స్టేషన్లో రైలు కూత వినిపిస్తే అదే వేళ. పొద్దుటి బండి కూతకు పాలు పితికేవారు, సాయంత్రం బండి కూతకు పొయ్యి వెలిగించేవారు.

నేను పుట్టిన వేళను కూడా ఆ కూతతోనే కొలిచారు. కార్తీక పున్నమి వెళ్ళిన మర్నాడు సాయంత్రం బండి కూస్తున్నప్పుడు నేను నేల మీద పడ్డానని అమ్మమ్మ చెప్పింది. మా ఇంటికీ అమ్మమ్మ ఇంటికీ మధ్య ఒక్క మట్టి గోడే అడ్డం. అమ్మకు ఒక్కడే తమ్ముడు, యాదగిరి మామ. అప్పటికి మీసం సరిగ్గా రాని కుర్రాడు. ఆ ఏటి చివరి సీతాఫలాలు పట్నంలో అమ్మి, ఖాళీ గంపలు ఒకదాంట్లో ఒకటి వేసి నెత్తిన పెట్టుకుని స్టేషన్ నుంచి నడిచి వచ్చాడు. అక్క కనిందని వాకిట్లోనే విని, గంపలు అక్కడే పడేసి, కాళ్ళు కూడా కడుక్కోకుండా లోపలికి వెళ్ళి నన్ను రెండు చేతులతో దీపం దగ్గరికి ఎత్తి చూశాడు. అమ్మ కంటే ముందు నన్ను సరిగ్గా చూసింది మామే.

మర్నాడు హఫీజ్‌పేట్ నుంచి అయ్యగారు వచ్చి, పంచాంగం తిప్పి, రోహిణి అన్నాడు. అమ్మమ్మ నెత్తి కొట్టుకుంది. కృష్ణుడు పుట్టింది రోహిణిలో, ఆయన చేతిలో పోయిన కంసుడు ఆయనకు మేనమామ. కాబట్టి రోహిణిలో పుట్టిన మగపిల్లవాడు మేనమామకు గండం. దానికి విరుగుడు ఒక్కటే. బిడ్డను ఎదురుగా చూడకముందే కంచు గిన్నెలోని నువ్వుల నూనెలో బిడ్డ నీడను మేనమామ చూడాలి. మామ అప్పటికే చూసేశాడు. పదకొండో రోజున శాంతి చేయించి నూనెలో మళ్ళీ చూపించారు గానీ, చూసిన కళ్ళకు మళ్ళీ చూపిస్తే ఫలం సగమేనని అయ్యగారు అన్నాడట. ఆ మిగిలిన సగం నా బాల్యమంతా పరుచుకుంది.

మామకు తేలు కుడితే నా వల్ల. సైకిల్ మీది నుంచి పడి చెయ్యి విరిగితే నా వల్ల. శంకర్‌పల్లి నుంచి పిల్లనిస్తామని వచ్చినవాళ్ళు, మా ఇంట్లో మంచినీళ్ళు తాగి, "మీ అక్క కొడుకుదేం చుక్క?" అని అడిగి, విని, మళ్ళీ రాలేదు. వాళ్ళు వెళ్ళాక అమ్మమ్మ గోడ అవతలి నుంచి, "నీ కొడుకు ఇంకెన్ని సంబంధాలు మింగుతడే?" అంది. "వాడు నీ మనుమడు గాడా అమ్మా?" అని అమ్మ ఇవతలి నుంచి ఏడ్చింది. నేను ఆ గోడ కిందే కూర్చుని ఆడుకునే గోటీలు లెక్కపెట్టుకుంటూ వింటున్నాను.

అమ్మమ్మ దృష్టిలో ఆకాశం నిండా చుట్టాల చావులే. మూల మామగారిని తింటుంది. ఎర్రగా వెలిగే జ్యేష్ఠ లక్ష్మీదేవికి అక్క, ఏ ఇంట కాలు పెడితే ఆ ఇంట కలహం, ఆ చుక్కలో పుట్టిన పిల్లను తెచ్చుకుంటే బావగారు బతకడు. మా మామ ఆకాశం వేరు. మొదటి బండి అందుకోవడానికి వేగుచుక్క పొడవకముందే గంప నెత్తిన పెట్టుకుని బండల మధ్య నడిచేవాడు కాబట్టి, చుక్కలతో ఆయనకు దారి పరిచయం. దక్షిణాన నేలకు దగ్గరగా వెలిగేది అగస్త్యుడనీ, సముద్రాన్ని తాగినాయన కాబట్టి ఆయన పొడిచాక చెరువుల్లో బురద దిగి నీళ్ళు తేటపడతాయనీ చెప్పేవాడు. స్వాతి వెలుగులో పడిన చినుకు ముత్యమవుతుందట. "మన ఊళ్ళె పడ్డది మాత్రం పెంకుటింట్ల కారుతదిరా" అని నవ్వించేవాడు. పిల్లలకోడి చుక్కల గుంపు వెనకాల ఒంటి కన్ను తెరిచినట్టు ఎర్రగా ఉండేది రోహిణి. దక్షుని ఇరవై ఏడుగురు బిడ్డల్లో చందమామ ఆ ఒక్కదాని ఇల్లే పట్టుకుని ఉంటే, మిగతావాళ్ళు పుట్టింటికి పోయి ఏడిస్తే, మామగారు శపిస్తే, చందమామ అప్పటి నుంచీ అరుగుతున్నాడు. "సూసినవా? మనువాడినోడే దాన్ని ఇడిసిపెట్టలేడు. గంత మంచి చుక్క నీది" అనేవాడు మామ. నాకు మాత్రం ఆ కన్ను మామనే చూస్తున్నట్టు ఉండేది.

ఒకసారి ధైర్యం చేసి హఫీజ్‌పేట్ దాకా ఒక్కడినే నడిచి వెళ్ళి అయ్యగారి వాకిట్లో నిలబడ్డాను. "అయ్యగారూ, నాకు వేరే చుక్క రాస్తరా?" అని అడిగాను. ఆయన తాంబూలం నములుతూ నవ్వాడు. "పుట్టిన ఘడియ మార్తదారా పిల్లగా? ఇంకో గంట ఆగి పుట్టుంటే మృగశిర అయ్యేటోనివి. నీకే తొందరెక్కువైంది" అన్నాడు. ఆయనకది వేళాకోళం. నేను తిరిగి వచ్చేదారంతా ఆ ఒక్క గంట గురించి ఏడ్చాను. అమ్మ కడుపులో ఇంకాస్త ఓపిక పట్టలేకపోయానని నన్ను నేను గిచ్చుకున్నాను. ఆ గిచ్చిన గుర్తులు చూసి అమ్మ దోమలనుకుని వేపాకు పొగ పెట్టింది.

నా పదో ఏట మామకు విషజ్వరం వచ్చింది. పట్నం దవాఖానలో చేర్చారు. రోజూ రాత్రి అన్నం ముందు కూర్చుని, నేను అన్నం మానేస్తే మామ బతుకుతాడేమోనని కుక్కకు వేసేవాడిని. మామ బతికాడు. జుట్టంతా రాలి, కట్టెలా ఎండి తిరిగి వచ్చాడు. అప్పుడు అమ్మమ్మ ఒట్టు పెట్టించింది, ఇక మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూడకూడదని. మామ ఒట్టు వేశాడు. అప్పటి నుంచీ గోడకు అటు ఆయన, ఇటు నేను. "ఏం కూరరా అల్లుడా?" "తోటకూర." "మళ్ళనా? మీ అమ్మకు వేరే ఆకు దొరుకుతలేదా?" అని గోడ మాట్లాడేది.

ఆ చలికాలంలోనే ఒక సాయంత్రం, పొయ్యిల పొగ ఇంకా ఊరి మీద పలచగా ఆడుతుండగా, గోడ అవతలి నుంచి మామ గుసగుసగా పిలిచాడు. "పెద్ద బండ కాడికి రా. చందమామ రోయిణికి దగ్గరికొచ్చిండు."

"ఒట్టు ఉన్నది గదా మామా."

"మొహం సూడొద్దన్నరు. చుక్కను సూడొద్దని ఎవరన్నరు? నువ్వు నా ముందు కూసో. నాకు నీ నడినెత్తి కనపడ్తది, నీకు నేను కనపడ."

అలాగే కూర్చున్నాం. బండ చల్లగా ఉంది, నా వెనక మామ దుప్పటికి కర్పూరం, దవాఖాన వాసన. ఇంకా నిండని చందమామ అంచు రోహిణికి అంటుకునేంత దగ్గరకు వచ్చింది. చూస్తుండగానే, ఎవరో ఊదేసినట్టు, చుక్క ఆరిపోయింది.

నేను లేచి గంతులేశాను. "పోయింది! మామా, రోయిణి పోయింది! చందమామ మింగిండు! ఇగ నీకేం గాదు!" అంటూ బండ మీద కాళ్ళు మంటలెత్తేదాకా ఎగిరాను. నేను అలిసి మళ్ళీ ముందు కూర్చున్నాను. ఆ కాసేపు నేను ఎవరికీ గండం కాని పిల్లవాడిని. అంత తేలికగా నేనెప్పుడూ ఊపిరి పీల్చలేదు. చాలాసేపటికి చందమామ అవతలి అంచున, వెలుగులోంచి, ఒక ఎర్రటి చుక్క బయటికి వచ్చి అంతకుముందులాగే కన్ను తెరిచింది.

నేను ఏడ్చిన ఏడుపుకు కింద ఊళ్ళో కుక్కలు మొరిగాయి. మామ రెండు చేతులతో నా మొహం పట్టుకుని తనవైపు తిప్పుకున్నాడు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. "తెరువురా. సూసిన, నిన్ను సూసిన. ఏమన్న అయిందా నాకు? జర ఇను. నువ్వు పుట్టిన దినం కూసిన బండిల నేనున్న. బోరబండ కాడ బర్రెలు అడ్డమొచ్చి గంటన్నర ఆగింది ఆ బండి. చీకటి పడ్డంక కూసింది. మీ అమ్మమ్మ రోజటి వేళ చెప్పింది, అయ్యగారు రోజటి వేళ రాసిండు."

అయ్యగారు చెప్పిన ఆ ఒక్క గంట నా తలలో గిర్రున తిరిగింది. "అంటే నాది మృగశిర! మామా, ఇన్నేండ్లు ఎందుకు చెప్పలె?"

మామ చేతులు నా బుగ్గల మీద అలాగే ఉన్నాయి. "అన్ని చుక్కలల్ల మేనమామ ఉన్న చుక్క అదొక్కటేరా. ఇంకోటైతే నీకూ నాకూ ఏం సంబంధం? ఉండనీ. నాకేం ఫికర్ లేదు."

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. నాకు తెలిసిందల్లా మామ బతికిపోయాడని. బండ మీది నుంచి ఒక్క పరుగున ఇంటికి పోయి, గోడ ఎక్కి, అమ్మమ్మకు అరిచి చెప్పాను, బండి లేటని, నాది రోహిణి కాదని. అమ్మమ్మ ముందు వినలేదు. "ఎవరు చెప్పిండ్రు? ఎక్కడ? మొహం సూసినవా వానిది?" అని మాత్రమే అడిగింది. తర్వాత అయ్యగారిని అడిగితే, పిల్లవాడు ఏడుస్తుంటే మేనమామ కల్పించి చెప్పి ఉంటాడు, రాసింది రాసిందే అన్నాడు. ఆ వారంలోనే మామను బోరబండలో ఉన్న దూరపు చిన్నమ్మ ఇంటికి పంపించేశారు. నేను నోరు మూసుకుని ఉంటే గోడ అయినా మిగిలేది.

ఆ తర్వాత మామ దసరాకు వచ్చేవాడు. వచ్చాడని తెలియగానే నేను ధాన్యం గుమ్మి వెనక దాక్కునేవాడిని. ఎవరూ దాక్కోమనలేదు. నా అంతట నేనే, ఆయన బతకాలని. "అల్లుడేడి?" అని అమ్మను అడిగేవాడు. "ఆటకు పోయిండు" అనేది అమ్మ, గుమ్మి వైపు చూడకుండా. ఒక దసరాకు నా కోసం తెచ్చిన గళ్ళ చొక్కా గోడ మీద పెట్టి వెళ్ళాడు. మరుసటి ఏడు రాలేదు. ఆ పైన మాకిద్దరికీ రాకపోవడమే అలవాటయింది. ఆయన ఆలస్యంగా పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు, బోరబండలో పండ్ల బండి పెట్టుకున్నాడు, డెబ్బై దాటాక నిద్రలో పోయాడు. శవం దగ్గర ఆయన కొడుకులు నన్ను ఎవరని అడిగారు. మా ఊరి ముసలామె ఒకతె, నన్ను చూసి, పక్కామెతో, "ఎన్నేండ్లయినా రోయిణి ఇడిసిపెడ్తదా?" అంది.

డెబ్బై ఏళ్ళు దాటిన మనిషిని నా చుక్క చంపిందట. అప్పుడు కూడా నాకు నవ్వు రాలేదు. చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, కూతురు పుట్టినప్పుడు స్వాతి నక్షత్రం అని విని, ఎవరికీ గండం లేదని ఊపిరి పీల్చుకుని ఆ పేరే పెట్టాను. ఆ భయం పోయిందనే అనుకున్నాను. కానీ ఈ మధ్యాహ్నం అది నా చేతిని లేపింది. రోహిణి మామ ప్రాణం తియ్యలేదు. మా ఇద్దరినీ విడదీసింది చుక్కకు భయపడిన మేము. ఇప్పుడు ఆ పనిని ఇంకొక పసివాడికి నేనే మొదలుపెట్టాను.

వంటింటి నేల మీది నుంచి లేచి గిన్నెలోకి వంగి చూశాను. నూనెలో నా నుదురు కనబడింది, వెడల్పుగా, మధ్యలో గీతతో. మేనమామ పోలిక అని అమ్మ అనేది.

కిరణ్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. చీకటి పడుతుండగా హైటెక్ సిటీలో వాడి ఆఫీసు గేటు దాకా ఆటోలో వెళ్ళాను. ఈ దారిలో పెద్ద బండ ఎక్కడ ఉండేదో ఇప్పుడు చూపించలేను. మందు పెట్టి పేల్చి, కంకర చేసి, దాని మీదే అద్దాల మేడలు లేపారు. సీతాఫలాలు బండి మీద ఏ ఊరివో అమ్ముతారు. హఫీజ్‌పేట్ బండి కూత హారన్ల మధ్య ఎవరికీ వినిపించదు. రోహిణి, మృగశిర అన్న మాటలు పంచాంగంలో తప్ప ఎవరి నోటా రావు, నాలాంటి వాళ్ళు చేతులు అడ్డం పెట్టేటప్పుడు తప్ప.

గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు పేరు రాసుకుని నిలబెట్టారు. కాసేపటికి కిరణ్ దిగివచ్చాడు, మెడలో కార్డు, మొహంలో కోపం.

"బీపీ గోలి వేసుకున్నవా?" అన్నాడు ముందు.

"తప్పు నాది రా. పోదాం పా, నీ అల్లుని కాడికి."

"నూనె?"

"నూనె లేదు, గీనె లేదు."

"మరి నాకేమన్న అయితే?" అన్నాడు వెటకారంగా. ఆ వెటకారం కింద చిన్న వణుకు వినబడింది. మధ్యాహ్నం దాకా అది వాడిలో లేదు, నేనే పెట్టాను. బైకు వెనక కూర్చుని, గాలిలో అరుస్తూ, యాదగిరి మామ గురించి మొత్తం చెప్పాను. వాడికి ఆ పేరే తెలియదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు రెండు మేడల సందులో, నిండబోతున్న చందమామ పక్కన, ఊరి వెలుతురు కూడా చెరపలేని ఒక ఎర్రటి చుక్క కనిపించింది. "అదా?" అన్నాడు. "అదే" అన్నాను. "మేనమామ ఉన్న చుక్క అదొక్కటే."

గది తలుపు నేనే తెరిచాను. స్వాతి మా ఇద్దరినీ చూసి దుప్పటి కాస్త పక్కకు జరిపింది. "నన్ను క్షమించు బిడ్డా" అన్నాను. "నాకెందుకు నాన్నా, వానికి చెప్పు" అంది, తమ్ముడి వైపు చూస్తూ. చెప్పాను. తర్వాత బిడ్డను ఎత్తి, దీపం కిందికి తెచ్చి, కిరణ్ చేతుల్లో పెట్టాను. వాడికి పసిపిల్లల్ని ఎత్తడం రాదు. భుజాలు బిగపట్టి, ఊపిరి కూడా ఆపి నిలబడ్డాడు.

"ముక్కు అచ్చం నీదే వచ్చింది, పాపం" అంది స్వాతి.

బిడ్డ ముడతల మొహం ఇంకా ముడుచుకుని, ఆవులించి, కళ్ళు తెరిచాడు. కిరణ్ చూస్తూ ఉండిపోయాడు. ఈసారి నా చెయ్యి వాడి మోచేతి కింద ఉంది, బిడ్డ తల జారకుండా.